పసికందుకు ఆరోగ్య బీమా: తొలి తొంభై రోజుల లెక్క

భారతదేశంలో అప్పుడే పుట్టిన బిడ్డకు విడిగా ఆరోగ్య బీమా సాధారణంగా దొరకదు. తల్లిదండ్రుల పాలసీలో బిడ్డనూ చేర్చుకోవాల్సిందే. ఆ చేర్పు ఎప్పుడు మొదలవుతుందన్నది పాలసీని బట్టి మారుతుంది. కొన్ని పాలసీలు పుట్టిన క్షణం నుంచే వర్తిస్తాయి. చాలా పాలసీలు మాత్రం 90 రోజులు నిండాక, 91వ రోజు నుంచే బిడ్డను చేర్చుకుంటాయి. ఎంపికలో మొదట చూడవలసింది ఈ మూడు నెలల తేడానే, ఎందుకంటే పసిబిడ్డకు ఆసుపత్రి అవసరం అన్నిటికంటే ఎక్కువగా పడేది ఆ రోజుల్లోనే. బిడ్డ పుట్టాక బీమా వెతికితే ఆ రోజులకు రక్షణ దొరకదు. అందుకే ఈ నిర్ణయం గర్భం దాల్చక ముందే జరగాలి.

తొలి 28 రోజుల ప్రమాదం

పుట్టినప్పటి నుంచి 28 రోజుల కాలాన్ని వైద్యులు నవజాత శిశు దశ అంటారు. దేశవ్యాప్తంగా జననమరణాలను లెక్కించే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ 2020 గణాంకాల ప్రకారం, సజీవంగా పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో 28 మంది ఏడాది నిండకుండానే చనిపోయారు. వారిలో 20 మంది తొలి 28 రోజుల్లోనే కన్నుమూశారు. ఏడాదిలో జరిగే శిశు మరణాల్లో మూడింట రెండు వంతులకు పైగా మొదటి నాలుగు వారాల్లోనే జరుగుతున్నాయన్నమాట.

దీనికి కారణం బిడ్డ శరీరంలో ఒక్కసారిగా జరిగే మార్పులు. కడుపులో ఉన్నంతకాలం ప్రాణవాయువు, ఆహారం మాయ ద్వారా అందుతాయి. బొడ్డు కోసిన నిమిషాల్లోనే ఊపిరితిత్తులు గాలి పీల్చాలి, గుండెలో రక్తం నడిచే దారి మారాలి, ఒంటి వేడిని శరీరమే నిలుపుకోవాలి. 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డ ఈ పనులకు పూర్తిగా సిద్ధమై ఉండదు. ఊపిరితిత్తుల్లోని గాలి గదులు మూసుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం గర్భం చివరి వారాల్లోనే తగినంతగా తయారవుతుంది. అది చాలని పిల్లలకు ఊపిరి అందక వెంటిలేటర్ గానీ, ముక్కు ద్వారా ఒత్తిడితో గాలినిచ్చే సీప్యాప్ యంత్రం గానీ కావాల్సి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రతి పది మంది పిల్లల్లో ఒకరు ఇలా నెలలు నిండకుండా పుడుతున్నారు.

నెలలు నిండి పుట్టిన పిల్లలకూ ఇబ్బందులు వస్తాయి. పుట్టిన మొదటి వారంలో, నెలలు నిండిన పిల్లల్లో దాదాపు 60 శాతం మందికి, నిండని వారిలో దాదాపు 80 శాతం మందికి కామెర్లు కనిపిస్తాయి. ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు పుట్టే బిలిరుబిన్‌ను ఇంకా పరిణతి చెందని కాలేయం వేగంగా బయటికి పంపలేకపోవడమే దీనికి మూలం. చాలామందికి అది దానంతటదే తగ్గుతుంది. కొందరిని మాత్రం రెండు మూడు రోజులు నీలి కాంతి దీపాల కింద ఉంచాలి. కాన్పు కష్టమై ప్రాణవాయువు అందకపోవడం, ఉమ్మనీటిలో మలం కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం, రక్తంలో ఇన్‌ఫెక్షన్ వంటివి నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగానికి (ఎన్‌ఐసీయూ) తీసుకెళ్లే ఇతర కారణాలు. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు ప్రతి 1000 మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఉంటాయి. వాటిలో కొన్నింటికి తొలి వారాల్లోనే ఆపరేషన్ తప్పదు.

ఎన్‌ఐసీయూలో ఖర్చు రోజుల లెక్కన పెరుగుతుంది. వెంటిలేటర్, ఇంక్యుబేటర్, ఇరవై నాలుగు గంటల నర్సింగ్, తరచూ చేసే రక్తపరీక్షలు కలిసి ప్రైవేటు ఆసుపత్రిలో రోజుకు వేల రూపాయలు అవుతాయి. బాగా ముందుగా పుట్టిన బిడ్డ అక్కడ వారాల తరబడి ఉండాలి. ఇంటికి వచ్చాక కూడా కంటి రెటీనా పరీక్షలు, వినికిడి పరీక్షలు చేయించాలి.

91వ రోజు నియమం ఎందుకు పుట్టింది

బీమా పనిచేసేది సంభావ్యత మీద. లెక్క కోసం 1000 కుటుంబాలు ఉన్నాయని, వాటిలో 100 మంది పిల్లలకు ఎన్‌ఐసీయూ అవసరమై ఒక్కొక్కరికి 3 లక్షల రూపాయలు ఖర్చయిందని అనుకుందాం. మొత్తం 3 కోట్లు. అన్ని కుటుంబాలూ పంచుకుంటే ఒక్కో ఇంటికి 30,000 పడుతుంది. అదే స్కానింగ్‌లో ఏదో తేడా ఉందని తెలిసినవారు, కవలలని తేలినవారు, రక్తపోటు పెరిగినవారు మాత్రమే బీమా తీసుకుంటే పరిస్థితి మారుతుంది. అలాంటి 200 కుటుంబాలు చేరి, ఆ 100 మంది పిల్లలూ వారి ఇళ్లలోనే ఉంటే ఒక్కో ఇంటి వాటా 1,50,000కు చేరుతుంది. అంత కట్టలేక మరికొందరు తప్పుకుంటారు, మిగిలినవారి భారం ఇంకా పెరుగుతుంది. ప్రమాదం ఎక్కువ ఉన్నవారే బీమావైపు వచ్చే ఈ ధోరణి నుంచి కాపాడుకోవడానికే సంస్థలు వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ కోసం ఆగాల్సిన కాలం, పెడతాయి.

ప్రసూతి ఖర్చులకు ఈ వెయిటింగ్ పీరియడ్ పాలసీని బట్టి సాధారణంగా 9 నెలల నుంచి కొన్నేళ్ల వరకూ ఉంటుంది. గర్భం తొమ్మిది నెలలది కాబట్టి 9 నెలల వెయిటింగ్ ఉన్న పాలసీ కూడా గర్భం నిర్ధారణ అయ్యాక తీసుకుంటే ఆ కాన్పుకు అక్కరకు రాదు. రెండేళ్ల వెయిటింగ్ ఉన్న పాలసీని పెళ్లయిన వెంటనే తీసుకున్నవారికే మొదటి కాన్పు నాటికి ఫలితం అందే అవకాశం ఉంటుంది.

91వ రోజు నియమం కూడా ఇదే ఆలోచన నుంచి వచ్చింది. పుట్టుకతో వచ్చే సమస్యల్లో చాలావరకు మొదటి మూడు నెలల్లో బయటపడతాయి. ఆ దశ దాటిన బిడ్డ ఖర్చును అంచనా వేయడం సంస్థకు సులువు. అందరికీ ఒకే రకంగా ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో తీసుకొచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీ కూడా 3 నెలలు నిండిన పిల్లలనే చేర్చుకుంటుంది. ప్రసూతి ఖర్చులు అందులో ఉండవు.

మొదటి రోజు నుంచి రక్షణ ఇచ్చే దారులు

మొదటి దారి, ప్రసూతితో పాటు నవజాత శిశువుకూ వర్తించే వ్యక్తిగత పాలసీ లేదా కుటుంబమంతటికీ కలిపి తీసుకునే ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ. ఇందులో నాలుగు విషయాలు తేల్చుకోవాలి. ఒకటి, బిడ్డ చికిత్స ఖర్చు ఏ పరిమితి నుంచి వస్తుంది? కొన్ని పాలసీలు కాన్పుకు ఇచ్చే 50,000 వంటి చిన్న పరిమితిలోనే బిడ్డ ఖర్చునూ కలిపేస్తాయి. సిజేరియన్‌కే అది సరిపోతే ఎన్‌ఐసీయూకు ఏమీ మిగలదు. మరికొన్ని బీమా మొత్తాన్నంతటినీ బిడ్డకు అందుబాటులో ఉంచుతాయి. ఈ రెండోరకం పాలసీకి ప్రీమియం కొంత ఎక్కువైనా రక్షణ అసలైనది. రెండు, తల్లి ప్రసూతి క్లెయిమ్ చెల్లితేనే బిడ్డకు వర్తిస్తుందన్న షరతు ఉందా? ఉంటే, వెయిటింగ్ పూర్తికాక ముందు పుట్టిన బిడ్డకు ఏమీ అందదు. మూడు, 91వ రోజు తర్వాత బిడ్డ ఎలా కొనసాగుతుంది? కొన్ని సంస్థలు అదనపు ప్రీమియం తీసుకుని పాలసీ మధ్యలోనే చేర్చుకుంటాయి, కొన్ని రెన్యువల్ వరకు ఆగమంటాయి. నాలుగు, ఎన్ని కాన్పులకు వర్తిస్తుంది, కవలలు పుడితే ఇద్దరికీ ఉంటుందా?

రెండో దారి, ఉద్యోగం ఇచ్చే సంస్థ తీసుకునే గ్రూప్ పాలసీ. ప్రసూతికి వెయిటింగ్ లేకుండా, బిడ్డకు మొదటి రోజు నుంచే వర్తించేలా చాలా సంస్థలు దీన్ని తీసుకుంటాయి. అప్పటికే గర్భవతిగా ఉన్నవారికి బీమా పరంగా మిగిలే ప్రధాన ఆధారం ఇదే. బిడ్డ పుట్టిన విషయాన్ని హెచ్‌ఆర్ విభాగానికి నిర్ణీత గడువులోగా తెలపాలి. అది సాధారణంగా 30 రోజులు ఉంటుంది. గడువు దాటితే మళ్లీ పాలసీ ఏడాది మొదలయ్యేదాకా ఆగాల్సి రావచ్చు. భార్యాభర్తలిద్దరికీ గ్రూప్ పాలసీలు ఉంటే, ప్రసూతి పరిమితి, బిడ్డకు దక్కే బీమా మొత్తం పోల్చి చూసుకుని బిడ్డను చేర్చాలి. ఉద్యోగం మానేస్తే గ్రూప్ రక్షణ ఆగిపోతుంది కాబట్టి సొంతంగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ ఉండటం మంచిది.

మూడో దారి ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ). నెల జీతం 21,000 రూపాయల వరకూ ఉండి, ఈఎస్ఐ పరిధిలోని సంస్థల్లో పనిచేసేవారికి ఇది వర్తిస్తుంది. జీతంలో ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. కార్మికుడి భార్యకు, పిల్లలకు వైద్యం అందుతుంది. బిడ్డ పేరును ఈఎస్ఐ రికార్డులో చేర్పించుకోవాలి.

నాలుగో దారి ప్రభుత్వ పథకాలు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ నేడు తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వర్తిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. 2018లో వచ్చిన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి 5 లక్షల వరకు ఇస్తుంది. అందులో కుటుంబ సభ్యుల సంఖ్యకు, వయసుకు పరిమితి లేదు. నవజాత శిశు చికిత్సలు, పుట్టుకతో వచ్చే లోపాల ఆపరేషన్లు ఈ పథకాల జాబితాల్లో ఉన్నాయి. రాష్ట్ర పథకం ఆ రాష్ట్ర కార్డుకు ముడిపడి ఉంటుంది. హైదరాబాద్‌లో కాపురం ఉండి, పురుడు ఆంధ్రలోని పుట్టింట్లో పోసుకునే కుటుంబాలు ఏ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందుగానే ఆసుపత్రిలో పథకం సహాయకులైన ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో బీమా అవసరమే లేదు. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. జబ్బుపడిన నవజాత శిశువుకు మొదట 30 రోజుల వరకు ఉన్న ఉచిత వైద్యాన్ని తర్వాత ఏడాది వరకు పొడిగించారు. జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక లోపాలను, ఎదుగుదల జాప్యాలను ముందే గుర్తించి చికిత్సకు పంపుతుంది. టీకాలు సార్వత్రిక టీకా కార్యక్రమం కింద ఉచితం. చాలా ఆరోగ్య పాలసీలు టీకాల ఖర్చు ఇవ్వవు కాబట్టి ఈ సౌకర్యం అందరికీ పనికొస్తుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గడువే కీలకం. ఉద్యోగం ద్వారా వచ్చే ప్లాన్‌లో బిడ్డను పుట్టిన 30 రోజుల్లోపు చేర్చితే రక్షణ పుట్టిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్ ప్లాన్లకు ఆ గడువు 60 రోజులు. తల్లి ప్లాన్‌లో బిడ్డ దానంతటదే ఉండిపోతుందని భావించి గడువు దాటేస్తే ఆసుపత్రి బిల్లు మొత్తం తల్లిదండ్రుల మీద పడే ప్రమాదం ఉంది.

పాలసీ పత్రంలో చూడవలసినవి

ఫ్యామిలీ ఫ్లోటర్‌లో బీమా మొత్తం అందరిదీ ఉమ్మడిగా ఉంటుంది. తల్లికి కాన్పులో చిక్కులు వచ్చి అదే సమయంలో బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉంటే రెండు బిల్లులూ ఒకే మొత్తం నుంచి పోతాయి. కాబట్టి ఇద్దరూ ఒకేసారి ఆసుపత్రిలో ఉండే పరిస్థితిని లెక్కలోకి తీసుకుని బీమా మొత్తాన్ని నిర్ణయించుకోవాలి. మొత్తం అయిపోతే మళ్లీ నింపే రీస్టోరేషన్ సదుపాయం ఉన్నా, అదే ఏడాదిలో అదే జబ్బుకు, అదే వ్యక్తికి వర్తిస్తుందో లేదో చదవాలి.

గది అద్దె పరిమితి పసిబిడ్డ విషయంలోనూ ముఖ్యమే. ఆరోగ్య సంజీవనిలో గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా రోజుకు 5,000. ఐసీయూకు 5 శాతం, గరిష్ఠంగా 10,000. రోజుకు 5,000 పరిమితి ఉన్నవారు 10,000 గదిలో చేరితే, గది అద్దెతో పాటు డాక్టరు ఫీజు వంటి అనుబంధ ఖర్చుల్లోనూ సగమే రావచ్చు. దీన్ని దామాషా కోత అంటారు. మందులు, పరికరాలు, పరీక్షల ఖర్చులకు, ఐసీయూ చార్జీలకు ఈ కోత వేయకూడదని ఐఆర్‌డీఏఐ నియమం. అయినా కొన్ని పాలసీల్లో ఐసీయూకు రోజువారీ పరిమితి విడిగా ఉంటుంది. ఎన్‌ఐసీయూని, తేరుకుంటున్న పిల్లలను ఉంచే నర్సరీని సంస్థ ఏ వర్గంలో లెక్కిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

పుట్టుక లోపాల్లో రెండు రకాలున్నాయి. గుండెలో రంధ్రం వంటివి బయటికి కనిపించవు కాబట్టి అవి అంతర్గత లోపాలు. గ్రహణం మొర్రి, వంకర పాదం వంటివి బయటికి కనిపించే లోపాలు. చాలా పాలసీలు అంతర్గత లోపాలకు కొన్ని షరతులతో చికిత్స ఖర్చు ఇస్తాయి, బయటి లోపాలకు ఇవ్వవు. జన్యు రుగ్మతలన్న కారణంతో క్లెయిమ్‌లను తిరస్కరించవద్దని ఐఆర్‌డీఏఐ 2018లో సంస్థలను ఆదేశించింది. బయటి లోపాలకు పాలసీలో చోటు లేనప్పుడు ప్రభుత్వ పథకాల్లో ఆ చికిత్స ఉందేమో చూడాలి.

బీమా చెల్లించనవసరం లేని వస్తువుల ప్రామాణిక జాబితా ఒకటి ఉంది. పిల్లల ఆహారం, పిల్లల అవసరాలకు వేసే చార్జీలు ఆ జాబితా మొదట్లోనే కనిపిస్తాయి. డైపర్లూ అందులోనివే. వారాల పాటు ఎన్‌ఐసీయూలో ఉన్న బిడ్డకు ఇవి పెద్ద మొత్తమే అవుతాయి. ఈ ఖర్చుల కోసం అదనపు ప్రీమియంతో కన్స్యూమబుల్స్ రైడర్ అనే అనుబంధ రక్షణ తీసుకునే వీలు కొన్ని సంస్థలు ఇస్తున్నాయి.

మొదటి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్లడం తెలుగు నాట ఆనవాయితీ. పాలసీ తీసుకున్న ఊరు ఒకటి, పురుడు పోసుకునే ఊరు మరొకటి అవుతాయి. కాబట్టి సంస్థ నెట్‌వర్క్ ఆసుపత్రుల జాబితాను పుట్టింటి ఊరికి చూడాలి. ఆ ఆసుపత్రిలో వెంటిలేటర్ ఉన్న ఎన్‌ఐసీయూ ఉందో లేదో, లేకపోతే బిడ్డను ఎక్కడికి పంపుతారో అడగాలి. కొన్ని పాలసీలు చిన్న పట్టణాల వారికి తక్కువ ప్రీమియం వేసి, పెద్ద నగరంలో చికిత్స తీసుకుంటే బిల్లులో కొంత శాతం కో-పే కింద కట్టమంటాయి. జిల్లా నుంచి బిడ్డను హైదరాబాద్‌కో విశాఖపట్నానికో తరలించాల్సి వస్తే ఆ షరతు భారమవుతుంది.

పిల్లల చదువు, పెళ్లి కోసమని అమ్మే ప్లాన్లు జీవిత బీమా, పొదుపు రకానివి. ఆసుపత్రి బిల్లుకు అవి అక్కరకు రావు.

చేర్చడం, క్లెయిమ్ చేయడం

జననాన్ని 21 రోజుల్లోపు ఉచితంగా నమోదు చేయించుకోవచ్చు. పేరు పెట్టకపోయినా సర్టిఫికెట్ వస్తుంది. ఏడాదిలోపు పేరును ఉచితంగా చేర్చవచ్చు. కాబట్టి బారసాల దాకా ఆగకుండా మొదటి వారంలోనే దరఖాస్తు చేసుకోవాలి. ఆసుపత్రి రికార్డుల్లో బిడ్డ తల్లి పేరుతో "బేబీ ఆఫ్" అని నమోదవుతుంది. ఎన్‌ఐసీయూలో చేరితే బిడ్డకు విడిగా అడ్మిషన్ నంబరు ఇస్తారు. బిల్లును సంస్థే నేరుగా ఆసుపత్రికి చెల్లించే క్యాష్‌లెస్ అభ్యర్థన తల్లికి, బిడ్డకు వేర్వేరుగా వెళ్లిందో లేదో బీమా డెస్క్ దగ్గర సరిచూసుకోవాలి. క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలోగా, డిశ్చార్జి బిల్లుపై మూడు గంటల్లోగా సంస్థ నిర్ణయం చెప్పాలని ఐఆర్‌డీఏఐ 2024లో నిర్దేశించింది.

91వ రోజు బిడ్డను చేర్చేటప్పుడు బిడ్డ బరువు, గర్భం ఎన్ని వారాలకు కాన్పు అయింది, ఎన్‌ఐసీయూలో ఉన్న వివరాలు దాచకూడదు. దాచితే తర్వాత వచ్చే పెద్ద క్లెయిమ్ తిరస్కరణకు గురికావచ్చు. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 36 నెలలకు మించరాదని 2024 నియమాలు చెబుతున్నాయి. వరుసగా 60 నెలలు పాలసీ కొనసాగితే, మోసం రుజువైతే తప్ప, వివరాలు చెప్పలేదన్న కారణంతో సంస్థ క్లెయిమ్‌ను తోసిపుచ్చలేదు.

పాలసీతో పాటు వచ్చే వినియోగదారు సమాచార పత్రంలో వెయిటింగ్ కాలాలు, మినహాయింపులు, పరిమితులు సరళంగా ఉంటాయి. కోరితే దాన్ని స్థానిక భాషలో ఇవ్వాలి కాబట్టి తెలుగులో అడిగి తీసుకోవచ్చు. చదివాక నచ్చకపోతే 30 రోజుల్లోపు పాలసీని వెనక్కి ఇచ్చేయవచ్చు. వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవారికి తమకు, భార్యకు లేదా భర్తకు, పిల్లలకు కట్టే ప్రీమియంపై ఏడాదికి 25,000 రూపాయల వరకు మినహాయింపు ఉంది.

క్లెయిమ్ తిరస్కరణ అన్యాయమనిపిస్తే ముందు సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. అక్కడ పరిష్కారం దొరక్కపోతే ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్ ఉంది. ఆ తర్వాతి మెట్టు బీమా అంబుడ్స్‌మన్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాసుల కోసం ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలను అక్కడ రుసుము లేకుండా, న్యాయవాది లేకుండా వినిపించుకోవచ్చు. డిశ్చార్జి సమ్మరీ, ఎన్‌ఐసీయూ రోజువారీ నోట్స్, బిల్లులు, సంస్థతో జరిగిన ఈమెయిళ్లు జాగ్రత్త చేసినవారి ఫిర్యాదుకు అక్కడ బలం చేకూరుతుంది.